కెమెరా కొనేముందు ఒక సీజన్ లైటు పట్టుకో

తమ్ముడూ, నువ్వు అడిగినవి మూడు. డిగ్రీ అయిపోయింది, ఊరు రాజోలు పక్కన, మామయ్యగారు లక్షన్నర సర్దుతానన్నారు, ఏ కెమెరా కొనమంటారు అన్నది ఒకటి. పెళ్లికి ఎంత తీసుకోవాలి అన్నది రెండోది. శ్రావణంలో పిన్నిగారి అమ్మాయి పెళ్లి, రాత్రి 2 గంటల 37 నిమిషాలకి ముహూర్తం, ఫొటోలు మనవడే తియ్యాలని అమ్మమ్మగారు పట్టుబట్టారు, ఒక్కడినే చెయ్యగలనా అన్నది మూడోది. మూడోదాని నుంచే మొదలుపెడతాను. దానికి ఇంక నాలుగు వారాలే ఉంది.

ఒక్కడివే ఒప్పుకోవద్దు. మన వైపు పెళ్లి ఒకే చోట జరగదు. విడిదింట్లో పెళ్లికొడుకుని స్నాతకానికి కూర్చోబెట్టే టైముకి ఇక్కడ పెళ్లికూతురు గౌరీపూజలో ఉంటుంది. ఎదురుకోలు జరుగుతుండగానే లోపల మేనమామలు బుట్ట సర్దుతుంటారు. పదేళ్ల అనుభవం ఉన్నవాడు కూడా పక్కన మనిషి లేకుండా రాడు. పిన్నిగారికి చెప్పి, దగ్గర్లో చాలాకాలంగా పెళ్లిళ్లు తీస్తున్న వాళ్లని ఒకరిని పెట్టించు. నువ్వు ముందే ఆయన దగ్గరికి వెళ్లి, "అన్నా, మా చెల్లి పెళ్లి, నేర్చుకోవాలని ఉంది, మీకు అడ్డం రాకుండా మీ రెండో కెమెరా పట్టుకుంటాను" అని అడుగు. ఇలా అడిగిన కుర్రాణ్ణి కాదన్నవాళ్లని నేను చూడలేదు. అమ్మమ్మగారి మాట పోకుండా ఏం చెయ్యాలో చివర్లో చెప్తాను.

నేను 1999లో పాలకొల్లులో ఒక స్టూడియోలో చేరాను. మొదటి రెండేళ్లు నా చేతికి కెమెరా ఇవ్వలేదు. వీడియో ఆయన వెనక హాలోజన్ లైటు ఎత్తిపట్టుకుని, దాని వైరు జనం కాళ్లకి తగలకుండా చూసుకోవడమే నా పని. ఆ వేడికి మొహం కాలిపోయేది. కానీ ఆ రెండేళ్లలో పెళ్లి మొత్తం నా ఒంట్లోకి ఎక్కింది. ఏ మంత్రం తర్వాత ఎవరు లేస్తారు, అక్షింతలు ఎటునుంచి వస్తాయి, పెళ్లికూతురు తండ్రి కళ్లు ఏ క్షణాన నిండుతాయి, ఇవన్నీ లైటు పట్టుకున్నవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. ఎందుకంటే వాడు కెమెరా వంక చూడడు, మనుషుల వంక చూస్తాడు. నువ్వు రెండేళ్లు చెయ్యక్కర్లేదు. శ్రావణం, కార్తీకం, మార్గశిరం దాకా ఒక సీజన్ ఎవరి వెనకాలైనా తిరుగు. మామయ్యగారి డబ్బు అప్పటిదాకా ఆయన దగ్గరే ఉండనీ.

పెళ్లి తెలియడం అంటే ఏంటో ఒక్క ఘట్టం చెప్తాను. జీలకర్ర బెల్లం. మన పెళ్లిలో అసలు ముహూర్తం అదే, తాళి కట్టడం తర్వాత. పెళ్లికొడుకు పీట మీద కూర్చుని ఉంటాడు, మధ్యలో తెర పట్టుకుంటారు, చేతిలో కొబ్బరి బోండం పట్టుకున్న పెళ్లికూతుర్ని మేనమామలు బుట్టలో తీసుకొచ్చి తెరకి అవతల కూర్చోబెడతారు. ఇద్దరి చేతుల్లో తమలపాకు, దాని మీద జీలకర్ర బెల్లం ముద్ద. పంతులుగారు ఒక కన్ను వాచీ మీద పెట్టి మంగళాష్టకాలు చదువుతుంటారు. గొంతు పెరుగుతుంది, "సావధాన" అని సాగదీస్తారు, అప్పటిదాకా నెమ్మదిగా వాయిస్తున్న సన్నాయి వాళ్లు ఊపిరి బిగబట్టి ఆయన చెయ్యి వంకే చూస్తారు. ఆయన చెయ్యి ఎత్తగానే గట్టిమేళం. ఇద్దరి చేతులూ తెర మీదుగా లేచి ఒకరి నెత్తిన ఒకరు పెడతారు. సరిగ్గా అప్పుడే వెనక రెండొందల మంది లేచి అక్షింతలు విసురుతారు, ఫోన్లు పట్టుకున్న చేతులు పాతిక నీ ముందుకి వస్తాయి.

ఆ ఫొటోకి నువ్వు నిలబడాల్సిన చోటు ఒక్కటే. తెర అంచుకి సూటిగా, అంటే అబ్బాయి నీకు ఒక పక్క, అమ్మాయి ఇంకో పక్క వచ్చేటట్టు. అక్కడ ఉంటేనే రెండు మొహాలూ, రెండు చేతులూ దొరుకుతాయి. ముహూర్తానికి పది నిమిషాల ముందే వెళ్లి ఆ చోట మోకాళ్ల మీద కూర్చుండిపో. నువ్వు కింద కూర్చుంటే వెనకాల పెద్దవాళ్లకి అడ్డం ఉండవు, ఎవరూ లెమ్మనరు. తెర పట్టుకున్న బాబాయిగారికి ముందే చెప్పుకో: "బాబాయిగారూ, పంతులుగారు చెయ్యెత్తగానే తెర ఒక జానెడు దించండి." ఆ జానెడు కోసం నేను ప్రతి పెళ్లిలోనూ అడుగుతాను. లెన్సు పూర్తిగా తెరిచి పెట్టకు. ఎఫ్ నంబరు ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకున్నట్టు. ఎఫ్ 1.8లో అమ్మాయి కళ్లు పదునుగా వచ్చి అబ్బాయి మసకైపోతాడు. ఎఫ్ 4 దగ్గర ఉంచి, ఐఎస్ఓ (తక్కువ వెలుగులోనూ ఫొటో వచ్చేటట్టు చేసే సెట్టింగు) పెంచుకో, ఫ్లాష్ తక్కువలో పెట్టు. తెర తీసిన మరుక్షణం ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. చాలామంది కుర్రాళ్లు చేతుల ఫొటో దొరికిందన్న సంతోషంలో అప్పుడు కెమెరా దించేసి స్క్రీను చూసుకుంటారు. ఆ చూపు పోతుంది. తలంబ్రాలు అయ్యేదాకా స్క్రీను వంక చూడకు.

వరస మాత్రం అందరిదీ ఒకటి కాదు. కాళ్లు కడిగి కన్యాదానం, మధుపర్కాలు, తాళి, తలంబ్రాలు, బ్రహ్మముడి, సప్తపది, సన్నికల్లు తొక్కడం, మట్టెలు, అరుంధతి, బిందెలో ఉంగరం, అప్పగింతలు, ఇవన్నీ ఉంటాయి, కానీ ఏది ముందు, ఏది ఇంటి దగ్గర, ఏది మండపంలో అన్నది కులాన్ని బట్టి, ఇంటి ఆచారాన్ని బట్టి మారుతుంది. భీమవరం వైపు రాజుల పెళ్లి, అమలాపురంలో బ్రాహ్మల పెళ్లి ఒకలా ఉండవు. పంతులుగారు రాగానే వెళ్లి దణ్ణం పెట్టి, వరస అడిగి కాయితం మీద రాసుకో. ఆయనతో ముందు మాట్లాడినవాడికి, తాళి కట్టేటప్పుడు "బాబూ, తీసుకున్నావా?" అని ఆయనే ఒక్క క్షణం ఆగుతారు. అన్నవరం కొండ మీద అయితే ఆ క్షణం కూడా దొరకదు. ఒకే ముహూర్తానికి పక్కపక్కనే బోలెడు పెళ్లిళ్లు అవుతుంటాయి, నీ ఫ్రేములోకి పక్క పెళ్లివారు వస్తూనే ఉంటారు. మన డెల్టాలో చర్చి పెళ్లిళ్లు కూడా ఎక్కువే. అక్కడ పాస్టర్‌గారిని ముందు కలిసి ప్రార్థన టైములో ఫ్లాష్ వెయ్యొచ్చో లేదో అడగాలి. వద్దంటే వెయ్యకూడదు.

ఇప్పుడు నా చేతిలో జరిగిన తప్పు ఒకటి చెప్తాను. నువ్వు ఒక్కడివే ఒప్పుకోవద్దని అంత గట్టిగా ఎందుకన్నానో అర్థమవుతుంది. నేను సొంతంగా తీసిన నాలుగో పెళ్లి అది. ఫిల్మ్ రీళ్ల రోజులు, రీలుకి 36 ఫొటోలు. జీలకర్ర బెల్లంతో ఒక రీలు అయిపోయింది. తాళికి టైము అయిపోతోందని గబగబా కొత్త రీలు వేసి మూత మూశాను. రీలు చివర పళ్లచక్రానికి పట్టిందో లేదో చూడలేదు. లీవరు తిప్పినప్పుడల్లా ఇవతల రివైండు నాబ్ తిరగాలి, తిరిగితేనే రీలు నడుస్తున్నట్టు. అదీ చూడలేదు. నంబరు మాత్రం మారుతూనే ఉంది. తాళి తీశాను, తలంబ్రాలు తీశాను, పెద్దలు ఒక్కొక్కరే వచ్చి అక్షింతలు వేస్తుంటే తీశాను. నంబరు 36 దాటింది, 38, 39 అయినా లీవరు ఆగలేదు. అప్పుడు గుండె జారిపోయింది. చీకటి గదిలోకి వెళ్లి తెరిచి తడిమి చూస్తే రీలు డబ్బాలోంచి బయటికి రానేలేదు.

మూడో రోజు వాళ్లింటికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పెళ్లికూతురు నాన్నగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. కోప్పడలేదు. చాలాసేపు ఊరుకుని ఒక్కటే అడిగారు: "మా అమ్మ అక్షింతలు వేసింది కదా, అదన్నా ఉందా?" లేదన్నాను. అడ్వాన్స్ తిరిగి ఇస్తే తీసుకోలేదు. ఆ పెద్దావిడ ఆ ఏడాది సంక్రాంతి చూడలేదు. ఆవిడ మనవరాలి పెళ్లి ఆల్బమ్‌లో ఆవిడ లేదు. ఇన్నేళ్లయినా ఆ ఊరి మీదుగా బస్సు వెళ్తుంటే నాకు ఆ అరుగే కనిపిస్తుంది.

అందుకని కెమెరా విషయంలో నేను మొదట చెప్పే మాట, రెండు కార్డులు పట్టే కెమెరా తీసుకో, రెండింటిలోనూ ఒకేసారి రాసేటట్టు పెట్టుకో. కార్డు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. పెళ్లి మాత్రం మళ్లీ జరగదు. ఇంటికి రాగానే నిద్ర ఎంత ముంచుకొస్తున్నా డేటా ఒక హార్డ్ డిస్కులోకి, ఇంకోటి వేరే హార్డ్ డిస్కులోకి ఎక్కించి, అప్పుడు పడుకో. రెండో డిస్కు ఇంట్లో ఉంచకు, అత్తయ్యగారింట్లోనో, స్నేహితుడి దగ్గరో పెట్టు. లంకల్లో ఉన్నవాళ్లకి ఇది మరీ చెప్పాలి. గోదారి పొంగితే ఇంట్లోకి నీళ్లొచ్చే ఊళ్లు మనవి. ఆల్బమ్ పెళ్లివారి చేతికి వెళ్లేదాకా ఏ కార్డూ చెరపకు.

లక్షన్నరలో బాడీకి, అంటే లెన్సు లేని కెమెరాకి, సగానికి మించి పెట్టకు. కొత్తదే కావాలని లేదు, వాడిన ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరు ఉన్న) బాడీ మంచిది దొరికితే తీసుకో. కానీ షట్టరు ఎన్ని క్లిక్కులు తిరిగిందో చూడు. లెన్సు కొనేటప్పుడు వెనకనుంచి టార్చి వేసి ముందునుంచి చూడు. లోపల తెల్లటి సాలెపురుగు దారాల్లా కనిపిస్తే అది ఫంగస్, ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. మొదటి లెన్సు 50 ఎంఎం ఎఫ్ 1.8. చవకగా దొరుకుతుంది, రాత్రి ముహూర్తానికి దానంత అక్కరకొచ్చేది లేదు. ఆ తర్వాత 24-70 ఎఫ్ 2.8 జూమ్ లెన్సు, డబ్బు చేతికొచ్చాక 70-200 జూమ్. ఇవి అవసరమైన రోజుకి అద్దెకి తెచ్చుకో, పెద్ద టౌన్లలో ఇస్తారు. మిగిలిన డబ్బు ఒక మంచి ఫ్లాషు, నాలుగు బ్యాటరీలు, కార్డులు, రెండు హార్డ్ డిస్కులకి. అన్నీ రా (RAW) ఫైల్లో, అంటే కెమెరా పట్టిన వివరమంతా కుదించకుండా దాచే పద్ధతిలో తియ్యి. ఎందుకో చెప్తాను.

మన షామియానాలు నీకు తెలుసు. ఎర్రటి బట్ట, పసుపు బట్ట, ఆకుపచ్చ బట్ట. ఫ్లాష్ పైకి తిప్పి వేస్తే ఆ బట్ట రంగంతా మొహం మీద పడుతుంది. ఆకుపచ్చ షామియానా కింద తీసిన పెళ్లికూతురు జబ్బుమనిషిలా కనిపిస్తుంది. అసలే నలుగు పెట్టి పసుపు రాసిన మొహం. కెమెరా ఆటో రంగు దాన్ని చూసి తికమకపడి నీలంలోకి లాగేస్తుంది. అందుకని పందిరి కింద ఫ్లాష్ పైకి కొట్టకుండా, లైటు పట్టుకున్న కుర్రాడి చేత పక్కనుంచి మెత్తటి తెల్ల కవరు వేసి కొట్టించు. మధుపర్కాలు ఇంకో పరీక్ష. తెల్లటి చీర, తెల్లటి పంచె, ఎర్రటి అంచు. వెనకాల చీకటి ఉంటే తెలుపు కాలిపోయి నేత గీత కూడా మిగలదు. కాలిన చోట మెరిసి చూపించే సెట్టింగు ఆన్ చేసుకుని, వెలుగు ఒక మెట్టు తగ్గించి తియ్యి. రాలో తీస్తే మొహాలు తర్వాత పైకి తెచ్చుకోవచ్చు, కాలిపోయిన తెలుపుని ఎవరూ తేలేరు.

ఫంక్షన్ హాళ్లలో ఎల్‌ఈడీ లైట్లతో ఇంకో చిక్కు. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నడిచే చవక లైట్లు సెకనుకి వందసార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టరు వేగంగా పెడితే ఫొటోలో అడ్డచారలు వస్తాయి. 1/100లోనో 1/50లోనో పెడితే చాలావరకు పోతాయి. స్టేజి వెనక పెద్ద ఎల్‌ఈడీ స్క్రీను కట్టిన చోట దాని లెక్క వేరు, వెళ్లగానే నాలుగైదు వేగాల్లో తీసి చూసుకో. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారాక ఇంకోసారి చూసుకో.

పగటి వెలుగు విషయంలో మాత్రం కోనసీమ వాళ్లం అదృష్టవంతులం. ఇంకా మండువా లోగిళ్లు ఉన్నాయి. నడిమధ్య ఆకాశం కనిపించే ఆ చోటి నుంచి దిగే వెలుగు ఏ స్టూడియోలోనూ దొరకదు. పెళ్లికూతురిని చేసిన రోజు ఉదయం తొమ్మిదింటికి, ఆ అమ్మాయిని మండువా అంచున వసారాలో నిలబెట్టి మొహం మధ్యకి తిప్పితే చాలు. కొబ్బరితోటలో మధ్యాహ్నం మాత్రం తియ్యకు. ఆకుల సందుల్లోంచి ఎండ పడి మొహం మీద మచ్చలు మచ్చలుగా వస్తుంది. సాయంత్రం నాలుగున్నర తర్వాత కాలవ గట్టుకి తీసుకెళ్లు. నీళ్ల మీద పడి పైకి వచ్చే వెలుగు కళ్ల కింద నీడల్ని చెరిపేస్తుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపొడ్డుకి వెళ్తే ఇంటికొచ్చాక కెమెరా బయటంతా తడిగుడ్డ గట్టిగా పిండి తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడువు. ఉప్పుగాలి లోహాన్ని తినేస్తుంది.

డ్రోన్ ఇప్పుడే కొనకు. 250 గ్రాములు దాటిన డ్రోను డబ్బులకి ఎగరెయ్యాలంటే 2021 డ్రోన్ నియమాల ప్రకారం రిజిస్ట్రేషన్, నడిపేవాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. ఇవి ఉన్నవాళ్లని ఆ పూటకి పిలిపించుకుంటే సరిపోతుంది. తోటల మధ్య కొబ్బరిమట్టకి తగిలి జనం మీద పడితే ఆ పెళ్లివారికి ఏం సమాధానం చెప్తాం?

ఇది ఆషాఢం కాబట్టి ఫంగస్ సంగతి ఇప్పుడే చెప్పాలి. పెళ్లిళ్లు లేవని బ్యాగులో కెమెరా పెట్టి బీరువాలో పెట్టేస్తారు. మన చెమ్మకి నెల తిరిగేసరికి లెన్సులో బూజు పడుతుంది. నా మొదటి 85 ఎంఎం అలాగే పోయింది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా పెద్దది కొను, అడుగున సిలికా జెల్ పోసి, తేమ చూపించే చిన్న మీటరు ఒకటి లోపల పెట్టు. 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. నీలం రంగు గింజలు గులాబీ రంగుకి తిరిగితే నీళ్లు తాగేసినట్టు, వేడి చేసి ఆరబెట్టి మళ్లీ పోసుకోవచ్చు. వారానికి ఒకసారి కెమెరా బయటికి తీసి పది ఫొటోలు తియ్యి. శ్రావణంలో ఇంకో ఇబ్బంది ఏంటంటే, మేకప్ వేసే ఏసీ గదిలోంచి పందిట్లోకి రాగానే అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. గదిలోంచి బయటికి వచ్చేముందు కెమెరా బ్యాగులో పెట్టి జిప్పు వేసేసి, ఒక అరగంట అలాగే వదిలెయ్యి. ఈలోపు ఇంకో బాడీ బయటే ఉండాలి. రెండో కెమెరాగా నీ మొదటి పని అదే అనుకో.

డబ్బు సంగతికి వస్తాను. పక్కవాడికంటే తక్కువకి చేస్తానని మొదలుపెట్టకు. మన ఊళ్లలో రేటు ఒకసారి నోట్లోంచి పడితే పదేళ్లు అదే రేటు చెప్తారు. మొదట ఖర్చు లెక్క వెయ్యి: లైటు కుర్రాడి కూలి, పెట్రోలు, అద్దె లెన్సులు, ఆల్బమ్ డిజైనింగు, ల్యాబులో షీట్ల ఖర్చు, హార్డ్ డిస్కు అరుగుదల. దాని మీద నీ రోజులు. పెళ్లి రెండు రోజులే అయినా ఫొటోలు ఏరడం, రంగు సరిచెయ్యడం, ఆల్బమ్ దిద్దడం ఇంకో పది రోజుల పని. ఇది చాలామంది లెక్కలో వెయ్యరు, అందుకే ఏడాది తిరిగేసరికి అప్పుల్లో ఉంటారు.

ఇంకో లెక్క పంచాంగంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్లిళ్లు ఉండవు. పైన మూఢాలు. 2024లో మూఢం వచ్చి మే, జూన్ నెలల్లో ముహూర్తాలే లేవు, వేసవి సీజన్ చాలావరకు ఖాళీ. ఆ వేసవిలో కెమెరా కంతులు కట్టలేక అమ్ముకున్న కుర్రాళ్లని నేను ఎరుగుదును. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే కొని ముహూర్తాలు గుర్తుపెట్టుకో, ఖాళీ నెలలకి బారసాలలు, అన్నప్రాసనలు, ఓణీల ఫంక్షన్లు ఒప్పుకో. సంక్రాంతి మూడు రోజులూ మాత్రం వదలకు. పుష్యమాసం కాబట్టి పెళ్లిళ్లు ఉండవు, కానీ హైదరాబాద్ నుంచి, అమెరికా నుంచి అందరూ ఊళ్లోనే ఉంటారు. ఇల్లిల్లూ తిరిగి నాలుగు తరాల గ్రూపు ఫొటో తీసి, ఫ్రేము కట్టి ఇస్తానని చెప్పు. నా తొలి ఆర్డర్లలో చాలావరకు అలా వచ్చినవే. సంక్రాంతికి గ్రూపు ఫొటో తీయించుకున్న ఇంట్లో మాఘంలో పెళ్లి కుదిరితే నిన్నే పిలుస్తారు.

ఆర్డరు ఒప్పుకున్న రోజే ఒక కాయితం రాసుకోండి, మేనత్త కొడుకు పెళ్లయినా సరే. ఏయే ఫంక్షన్లు, ఎంతమంది వస్తారు, ఎన్ని షీట్ల ఆల్బమ్, అడ్వాన్స్ ఎంత, పెళ్లి రోజు ఎంత, ఆల్బమ్ ఇచ్చేటప్పుడు ఎంత. ఫొటోలు సెలెక్ట్ చేసి ఇవ్వాల్సిన గడువు కూడా రాయి. పెళ్లి అయ్యాక వాళ్లు కాపురాల్లో పడిపోతారు, ఏడాది దాకా సెలెక్షన్ ఇవ్వరు, నీ బ్యాలెన్స్ అక్కడే ఉండిపోతుంది. ఇంకో మాట, ఇది చాలామంది ఫొటోగ్రాఫర్లకి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్న వాళ్లే. ఫొటో నువ్వు తీశావని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేసుకోకూడదు. ఏయే ఫొటోలు పెట్టుకోవచ్చో అదే కాయితంలో రాసి సంతకం తీసుకో. చట్టం సంగతి అటుంచినా, ఒక ఆడపిల్ల మొహం ఊరందరి ఫోన్లలోకి వెళ్లేముందు ఆ అమ్మాయిని అడగాలి. వాళ్ల నాన్నని అడిగితే చాలదు.

ఆడపిల్ల మాట వచ్చింది కాబట్టి, పెళ్లికూతురి గదిలోకి పిలవకుండా వెళ్లకు. తలుపు దగ్గర నిలబడి కబురు పెట్టు. నేను పదిహేనేళ్లుగా ఒక అమ్మాయికి పని నేర్పించి ఆ గది మొత్తం తనకే అప్పగిస్తున్నాను. మా ఆల్బమ్‌లలో బాగుండే ఫొటోలు చాలా తను తీసినవే. మండపం ఎక్కేటప్పుడు చెప్పులు విడవాలి, తేలిగ్గా విడిచేవి వేసుకో. హోమానికి వీపు పెట్టి నిలబడకు. రాత్రి ముహూర్తం అయ్యాక తెల్లవారుజామున కాలవ గట్టు రోడ్డు మీద నిద్రమత్తుతో బండి నడపకు. హాల్లోనే ఒక మూల పడుకుని తెల్లారాక బయలుదేరు. ఈ మాట నిన్ను బతిమాలి చెప్తున్నాను.

ఇంక అమ్మమ్మగారు. 84 ఏళ్లన్నావు. మన ఇళ్లలో పెద్దవాళ్లు పోయాక గోడకి దండ వేసి పెట్టే ఫొటో ఎక్కడిదో ఎప్పుడైనా చూశావా? నూటికి తొంభై ఏదో పెళ్లి ఆల్బమ్‌లోంచి కోసి పెద్దది చేసిందే. పక్కన ఎవరిదో భుజం, వెనకాల షామియానా గుంజ కనిపిస్తాయి. దహనం అయిన రెండో రోజు ఏడ్చి ఏడ్చి మొహాలు వాచిన పిల్లలు నా దగ్గరికి వచ్చి, "మా నాన్న ఒక్కరే ఉన్న ఫొటో ఏమైనా ఉందా అన్నా?" అని అడుగుతారు. అందుకని ఏ పెళ్లికి వెళ్లినా, భోజనాలు మొదలవకముందు, ఎనిమిదింటి లోపు, ఆ ఇంట్లో పెద్దవాళ్లని ఒక్కొక్కరినే కుర్చీలో కూర్చోబెట్టి ఒక ఫొటో తీస్తాను. రాత్రి రెండింటి ముహూర్తానికి వాళ్లు సగం మంది నిద్రలో ఉంటారు, మెలకువగా ఉన్నా అలిసిపోయి ఉంటారు.

శ్రావణంలో నీ పని అదే. ముహూర్తం, తాళి పిన్నిగారు పెట్టిన ఆ అనుభవం ఉన్న ఫొటోగ్రాఫరు చూసుకుంటారు. నువ్వు పెళ్లికూతురిని చేసిన రోజు పొద్దున్న అమ్మమ్మగారు తలంటుకుని కొత్త చీర కట్టుకున్నాక, వీధి అరుగు మీదో, తూర్పు వసారాలోనో మామూలు కుర్చీ వేసి కూర్చోబెట్టు. ఎండ నేరుగా పడకూడదు, వెలుగు ఎదురుగా ఉండాలి. 50 ఎంఎం చాలు, ఎఫ్ 4, కెమెరా ఆవిడ కళ్ల ఎత్తుకి దించు. నవ్వమని చెప్పకు. చిన్నప్పుడు ఆవిడ పెళ్లి ఎలా జరిగిందో అడుగు. ఆవిడ చెప్తూ ఉంటే తియ్యి. చెప్పడం అయ్యాక ఆవిడ ఒక్క నిమిషం ఊరుకుంటుంది చూడు, అప్పుడు ఇంకోటి తియ్యి. పెళ్లి రోజు సాయంత్రానికి ప్రింటు తీయించి ఆవిడ చేతిలో పెట్టు.

ఆ ఫొటో నాకు కూడా పంపించు. కార్తీకంలో నా దగ్గరికి రావాలనుకుంటే లైటు పట్టుకునే పని ఉంది.